కొట్సెబూ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు: నాటకాలు రాస్తూ రష్యా కొలువు చేసిన జర్మన్

గ్రూప్-1కీ సివిల్స్‌కీ ప్రపంచ చరిత్ర చదివేవాళ్లకి ఈ పేరు ఒక్క వాక్యంలో తగులుతుంది: "1819లో కొట్సెబూ హత్య, దాని తర్వాత కార్ల్స్‌బాడ్ డిక్రీలు" (అంటే పత్రికల మీదా యూనివర్సిటీల మీదా జర్మన్ రాజ్యాలు పెట్టిన కట్టడులు). అంతే, పేజీ తిప్పేస్తారు. తర్వాత అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తుంటాయి, ఆయన గూఢచారా, రష్యనా, నాటకాలు రాసేవాణ్ని స్టూడెంట్ ఎందుకు పొడిచాడు అని. అందుకని అన్నీ ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న దగ్గరైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## ముందుగా, మనిషి ఎవరు

అసలు ఈ కొట్సెబూ ఎవరండీ? పుస్తకంలో ఒక్క లైనే ఉంది

ఆగస్ట్ ఫాన్ కొట్సెబూ. 1761 మే 3న జర్మనీలోని వైమార్‌లో పుట్టాడు, 1819 మార్చి 23న మాన్‌హైమ్‌లో హత్యకు గురయ్యాడు. 200 పైచిలుకు నాటకాలు రాశాడు. ఆయన బతికున్న రోజుల్లో యూరప్ రంగస్థలం మీద జర్మన్ మహాకవులు గేటే కంటే, షిల్లర్ కంటే ఎక్కువగా ఆడింది ఆయన నాటకాలే. ఇంకోపక్క రష్యా ప్రభుత్వంలో కోర్టు అధికారి, పీటర్స్‌బర్గ్‌లో థియేటర్ డైరెక్టర్, కాన్సల్ జనరల్, చివరికి జార్ చక్రవర్తికి జర్మనీ సంగతులు రాసి పంపే ఉద్యోగి. చాలామంది ఈ రెంటినీ విడదీసి, నాటకకర్త ఒకరు, అధికారి ఇంకొకరు అన్నట్టు చూస్తారు. నాకైతే అలా విడదీయడం కుదరదనిపిస్తుంది. ఆయనకు ఉద్యోగాలు దొరకడంలో నాటకాల చెయ్యి ఉంది, జైలు నుంచి బయటపడేసింది ఒక నాటకం, శత్రువుల్ని తెచ్చిపెట్టింది కూడా ఆ కలమే.

జర్మన్ అంటారు, రష్యన్ అధికారి అంటారు. ఇంతకీ ఏ దేశం మనిషి?

అప్పటికి జర్మనీ అనే ఒకే దేశం లేదు, చిన్నా పెద్దా రాజ్యాలు వందల్లో ఉండేవి. చదువుకున్న కుర్రాడు ఏ రాజు దగ్గర కొలువు దొరికితే అక్కడికి పోవడం మామూలే. రష్యా చక్రవర్తిని రెండో కేథరిన్ కూడా పుట్టుకతో జర్మన్ రాకుమారే. బాల్టిక్ తీరంలోని ఎస్టోనియా, లివోనియా ప్రాంతాలు రష్యా పాలనలో ఉన్నా అక్కడి జమీందార్లూ కోర్టులూ నగర సభలూ నడిచేది జర్మన్ భాషలో. కాబట్టి కొట్సెబూ రష్యా కొలువులో చేరడం ఆ రోజుల్లో ఎవరికీ తప్పుగా కనిపించలేదు. నెపోలియన్ యుద్ధాల తర్వాత "మనమంతా ఒకే జర్మన్ జాతి" అన్న భావన కుర్రాళ్లలో పెరిగాక, అదే ఉద్యోగం ద్రోహంగా కనిపించడం మొదలైంది. ఆయన పెద్దగా మారలేదు, చుట్టూ కాలం మారిపోయింది.

## చదువు, మొదటి ఉద్యోగాలు

వైమార్‌లో పుట్టినవాడు అంత దూరం రష్యా ఎందుకు వెళ్లాడు?

తండ్రి వైమార్ సంస్థానంలో అధికారి, కొడుకు పసివాడిగా ఉన్నప్పుడే పోయాడు. జానపద కథల రచయిత మ్యూజెయస్ బంధుత్వంలో బాబాయి వరస, చిన్నప్పటి నుంచి ఆయన ప్రభావం ఉంది. కుర్రాడు యేనాలోనూ డూయిస్‌బుర్గ్‌లోనూ న్యాయశాస్త్రం చదివి, వైమార్‌లో కొంతకాలం వకీలుగా చేశాడు. అక్కడ పెద్దగా ఎదిగే దారి కనబడలేదు. 1781లో, 20 ఏళ్ల వయసులో, వైమార్‌తో పాత పరిచయాలున్న ప్రష్యా రాయబారి సాయంతో పీటర్స్‌బర్గ్ వెళ్లి, ఇంజినీరింగ్ దళం జనరల్ బవర్ దగ్గర సెక్రటరీగా చేరాడు. ఆ జనరల్‌గారికే పీటర్స్‌బర్గ్ జర్మన్ థియేటర్ బాధ్యత కూడా ఉండటం మనవాడి అదృష్టం.

రేవాల్‌లో ఆయన చేసిన పనేంటి? పెద్ద పోస్టేనా?

పెద్దదే. జనరల్ బవర్ 1783లో చనిపోతూ కుర్రాణ్ని చక్రవర్తినికి సిఫార్సు చేశాడు. అలా రేవాల్‌లో, అంటే నేటి ఎస్టోనియా రాజధాని తాలిన్‌లో, అప్పీళ్ల కోర్టులో అసెసర్ (సహాయ న్యాయాధికారి) ఉద్యోగం వచ్చింది. 1785లో ఎస్టోనియా ప్రాంత మేజిస్ట్రసీకి అధ్యక్షుడయ్యాడు, అప్పటికి వయసు 24. ఇంటిపేరు ముందు కులీనుల గుర్తైన "ఫాన్" చేరింది కూడా ఆ ఏడాదే, పుట్టుకతో వచ్చిన బిరుదు కాదు, కొలువుతో వచ్చింది. అదే సంవత్సరం అక్కడి జనరల్ ఫాన్ ఎస్సెన్ కూతురు ఫ్రీడరికేను పెళ్లి చేసుకున్నాడు. నాలుగేళ్లలో సెక్రటరీ నుంచి జడ్జి, జడ్జి నుంచి పెద్దింటి అల్లుడు.

కోర్టు పని చేస్తూ నాటకాలకు టైం ఎక్కడిది?

విపరీతమైన వేగంతో రాసేవాడు, ఆయన్ని మెచ్చినవాళ్లూ తిట్టినవాళ్లూ ఇద్దరూ ఒప్పుకునే విషయం ఇది. 1784లో రేవాల్‌లో ఒక ఔత్సాహిక నాటక బృందం పెట్టాడు. ఊళ్లోని పెద్దింటివాళ్లూ అధికారులూ వేషాలు కట్టేవారు. రాసింది రాసినట్టు అక్కడ ఆడించి చూసేవాడు, ఎక్కడ జనం కళ్లు తుడుచుకుంటున్నారో ఎక్కడ ఆవులిస్తున్నారో దగ్గర్నుంచి గమనించాడు. తర్వాతి కాలంలో యూరప్ అంతటా థియేటర్ మేనేజర్లు ఆయన స్క్రిప్టుల కోసం ఎగబడ్డారంటే ఆ శిక్షణ రేవాల్‌లో దొరికిందే.

భార్య పోగానే పారిస్ వెళ్లిపోయాడట, నిజమేనా?

నిజమే. 1790లో ఫ్రీడరికే ప్రసవం తర్వాత జబ్బుపడి వైమార్‌లో చనిపోయింది. ఆయన అక్కడ ఉండలేక విప్లవం నడుస్తున్న పారిస్‌కి వెళ్లి, ఆ ప్రయాణం మీద వెంటనే పుస్తకం కూడా వేశాడు. సొంత దుఃఖాన్ని అంత త్వరగా అచ్చుకిచ్చాడని అప్పుడే చాలామంది మొహం చిట్లించారు. నాకు అంతకంటే పెద్ద తప్పుగా కనిపించేది అదే ఏడాది చేసిన ఇంకో పని. డాక్టర్ బార్ట్ అనే వివాదాస్పద మతవేత్తను సమర్థిస్తూ, ఆయన ప్రత్యర్థుల్ని బూతులతో ఏకిన ఒక ప్రహసనాన్ని రాసి, దానిమీద క్నిగ్గే అనే మరో ప్రముఖ రచయిత పేరు వేసి వదిలాడు. నిజం బయటికొచ్చాక పోయిన పరువు పూర్తిగా తిరిగి రాలేదు.

## నాటకాల ఊపు

మొదటి పెద్ద హిట్ ఏది? అందులో అంత ఏముంది?

"మెన్షెన్‌హాస్ ఉంట్ రోయె", మనుషుల మీద ద్వేషం, పశ్చాత్తాపం అని చెప్పుకోవచ్చు. 1788లో రేవాల్‌లో మొదట ఆడారు, మరుసటేడు బెర్లిన్‌లో ఆడాక ఊపందుకుంది. కథ ఇది: యులాలియా భర్తనీ పిల్లల్నీ వదిలేసి వేరేవాడితో వెళ్లిపోతుంది, తర్వాత కుమిలిపోయి పేరు మార్చుకుని ఒక కౌంట్ కోటలో ఇంటి వ్యవహారాలు చూసే మనిషిగా బతుకుతుంటుంది. ఆ పక్కనే ఎవరితోనూ మాట్లాడకుండా, లోకమంటే అసహ్యంతో ఉండే ఒక అపరిచితుడు. అతనే ఆమె భర్త. చివర్లో పిల్లల్ని తీసుకొచ్చి ఎదురుగా నిలబెట్టేసరికి ఇద్దరూ కరిగిపోతారు. తప్పుచేసిన భార్యను మొగుడు క్షమించడమా అని పాస్టర్లూ విమర్శకులూ మండిపడ్డారు. హాల్లో జనం మాత్రం వెక్కివెక్కి ఏడ్చి మళ్లీ టికెట్ కొనుక్కున్నారు. లండన్‌లో 1798లో ఇది "ది స్ట్రేంజర్" పేరుతో డ్రూరీ లేన్ థియేటర్‌లో ఆడింది. మన పాత సినిమాల్లో క్లైమాక్స్‌కి పిల్లల్ని ముందుకు తోసే పద్ధతి చూసినవాళ్లకు ఈ ముగింపు కొత్తగా ఏమీ అనిపించదు.

ఇండియా మీద కూడా నాటకం రాశాడని విన్నాను, ఏమిటది?

"డీ ఇండియానర్ ఇన్ ఎంగ్లాంట్", అంటే ఇంగ్లండ్‌లో భారతీయులు. 1780ల చివర్లో రాసింది. గద్దె పోగొట్టుకుని ఇంగ్లండ్ చేరిన మైసూరు నవాబు కబెర్దార్ (పేరు చూసి నవ్వొస్తే తప్పులేదు), ఆయన కూతురు గుర్లీ ఇందులో పాత్రలు. మనసులో ఉన్నది ఉన్నట్టు బయటికనేసే అమాయకురాలు గుర్లీ, యూరోపియన్ మర్యాదలు ఆమెకు అర్థం కావు, అక్కడ హాస్యం పుడుతుంది. జర్మన్ నటీమణులకు చాలాకాలం అది పేరు తెచ్చే వేషం. అసలు మైసూరుతో దీనికి ఏ సంబంధమూ లేదు. అదే రోజుల్లో అక్కడ టిప్పు సుల్తాన్ ఇంగ్లిష్‌వాళ్లతో యుద్ధాలు చేస్తున్నాడు, నాటకంలో ఆ ఛాయలు వెతక్కండి. దూరదేశపు అమ్మాయి స్వచ్ఛంగా ఉంటుంది, నాగరికులు పాడైపోయారు అన్న అప్పటి యూరప్ ఫ్యాషన్‌కి ఇండియా ఒక తెర, అంతే.

ఇంగ్లిష్ సాహిత్యంలో ఈయన పేరు ఎక్కడ తగులుతుంది?

రెండు చోట్ల గట్టిగా. పెరూ మీద స్పానిష్ దండయాత్ర గురించి ఆయన రాసిన నాటకాన్ని ఇంగ్లిష్ నాటకకర్త షెరిడన్ 1799లో "పిజారో"గా మార్చి లండన్‌లో ఆడిస్తే అది ఆ ఏడాది సంచలనం. ఇక "దస్ కింట్ డెర్ లీబె" అనే నాటకాన్ని ఎలిజబెత్ ఇంచ్‌బాల్డ్ 1798లో "లవర్స్ వౌస్"గా ఇంగ్లిష్‌లోకి తెచ్చింది. జేన్ ఆస్టెన్ "మాన్స్‌ఫీల్డ్ పార్క్"లో కుర్రకారంతా కలిసి ఇంట్లో రిహార్సల్ చేసి గొడవ తెచ్చుకునే నాటకం అదే. ఎం.ఏ. ఇంగ్లిష్ చదివినవాళ్లు కొట్సెబూని పేరు తెలియకుండానే చదివేసి ఉంటారు. అమెరికాలో కూడా న్యూయార్క్ థియేటర్ నడిపిన విలియం డన్‌లాప్ ఆయన నాటకాలు తర్జుమా చేసి ఆడించాడు.

బీథోవెన్‌కీ ఈయనకీ ఏంటి సంబంధం?

పెస్ట్ నగరంలో, అంటే నేటి బుడాపెస్ట్‌లో, కొత్త జర్మన్ థియేటర్ 1812లో తెరిచినప్పుడు ఆడటానికి కొట్సెబూ రెండు రచనలు ఇచ్చాడు: "ఏథెన్స్ శిథిలాలు", "స్టీఫెన్ రాజు". రెండిటికీ సంగీతం బీథోవెన్. పియానో నేర్చుకునే పిల్లలు వాయించే బీథోవెన్ టర్కిష్ మార్చ్ ఆ మొదటిదాంట్లోదే. మాటలు మరుగునపడ్డాయి, ట్యూన్ మిగిలింది.

అంత పాపులర్ అయితే ఇప్పుడు ఎవరూ ఎందుకు ఆడరు?

కన్నీళ్లు పెట్టించే నాటకాలు త్వరగా పాతబడతాయి, ఆ తరం ఏడ్చిన చోట తర్వాతి తరం నవ్వుతుంది. కామెడీలు కొంచెం మేలు. 1802లో రాసిన "డీ డోయిచెన్ క్లైన్‌ష్టెట్లర్", చిన్న ఊళ్ల జనం మీద ప్రహసనం, ఇప్పటికీ అప్పుడప్పుడు ఆడతారు. క్రేవింకెల్ అనే ఊళ్లో ప్రతివాళ్లకీ ఒక హోదా ఉండాలి, లేకపోతే మనిషే కాదు. చనిపోయిన మొగుడు చేసిన చిన్న పన్నుల ఉద్యోగం పేరు మొత్తం ముసలావిడ పేరుకి తగిలించి పిలవాల్సిందే. రాజధాని నుంచి వచ్చిన కుర్రాడికి ఏ హోదా లేదని పిల్లనివ్వరు. రష్యా కొలువులో హోదాల మెట్లన్నీ ఎక్కినవాడే ఇది రాశాడని గుర్తుంచుకుని చదివితే ఇంకా బాగుంటుంది. తెలుగులో ఎవరైనా ఏదో ఒక మండల కేంద్రానికి మార్చి రాస్తే పేర్లు తప్ప పెద్దగా మార్చాల్సింది ఉండదు.

## సైబీరియా, పాల్ చక్రవర్తి

సైబీరియాకు ఎందుకు పంపారు? ఏం నేరం చేశాడు?

ఏ నేరమూ చెప్పలేదు, అదే అసలు విషయం. 1798 నుంచి వియన్నా ఆస్థాన థియేటర్‌లో కొంతకాలం పనిచేసి, పెన్షన్ తీసుకుని బయటికొచ్చాడు. రెండో భార్య ఎస్టోనియా పిల్ల, పెద్ద కొడుకులు పీటర్స్‌బర్గ్ సైనిక పాఠశాలలో ఉన్నారు. వాళ్లని చూడటానికి 1800 ఏప్రిల్‌లో పాస్‌పోర్ట్ తీసుకుని కుటుంబంతో రష్యా సరిహద్దు దాటగానే అరెస్ట్ చేశారు. అప్పుడు గద్దె మీద ఉన్నది పాల్. ఫ్రెంచ్ విప్లవం గాలి దేశంలోకి వస్తుందని ఆయనకు ఒకటే భయం, ఆ నెలలోనే విదేశీ పుస్తకాలు రాకుండా నిషేధించాడు. పేరున్న విదేశీ రచయిత అంటేనే అనుమానం. భార్యాపిల్లల్ని విడదీసి, ఎక్కడికో చెప్పకుండా బండెక్కించారు. దారిలో లివోనియాలో తప్పించుకుని అడవిలో దాక్కుని, ఒక జమీందారు ఇంట్లో ఆశ్రయం అడిగి, దొరికిపోయాడు. సైబీరియాలోని తొబోల్స్క్‌లో గవర్నర్ మర్యాదగానే చూశాడు, అక్కణ్నించి కుర్గాన్ అనే చిన్న ఊరికి పంపారు.

మరి ఎలా బయటపడ్డాడు?

ఒక చిన్న నాటకం పుణ్యమా అని. మూడో పీటర్, అంటే పాల్ తండ్రి, దగ్గర బండి తోలిన ముసలి మనిషి గురించి కొట్సెబూ చాలాముందే ఒక ఏకాంకిక రాశాడు. హత్యకు గురైన తండ్రి అంటే పాల్‌కి విపరీతమైన అభిమానం. దాని రష్యన్ అనువాదం చక్రవర్తి చేతికి చేరింది, చదివి కరిగిపోయాడు, వెంటనే విడిపించమని కబురు పంపాడు. పట్టుకున్న నాటి నుంచి లెక్కేస్తే మొత్తం వ్యవహారం కొన్ని నెలలే. తిరిగొచ్చాక పరిహారంగా లివోనియాలో ఒక ఎస్టేటు, పీటర్స్‌బర్గ్ జర్మన్ థియేటర్ డైరెక్టర్ పదవి, కోర్టు కౌన్సిలర్ హోదా. పైసా తప్పు చేయకుండా సైబీరియా, పైసా పని చేయకుండా ఎస్టేటు. పాల్ పాలన ఎలా ఉండేదో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

చక్రవర్తి డ్యూయల్ సవాలు రాసింది ఈయనేనా?

ఆలోచన పాల్‌ది, జర్మన్‌లో రాసిపెట్టింది కొట్సెబూ. యూరప్‌లో యుద్ధాలు తెగడం లేదు కాబట్టి రాజులే స్వయంగా వచ్చి ద్వంద్వ యుద్ధం చేసి తేల్చుకోవాలి, వాళ్ల మంత్రులు సాక్షులుగా నిలబడాలి అని చక్రవర్తి 1800 చివర్లో పత్రికల్లో వేయించాలనుకున్నాడు. దానికి పీటర్స్‌బర్గ్ గవర్నర్ కౌంట్ పాలెన్ కొట్సెబూని పిలిపించాడు. నవ్వకుండా ఆ పని పూర్తిచేయడం కూడా ఒక రకం ప్రభుత్వ సేవే. సవాలులో పాల్ తరఫు సాక్షుల్లో ఒకడిగా పేరున్న ఆ పాలెనే కొద్దినెలల్లో చక్రవర్తి మీద కుట్రకు నాయకత్వం వహించాడు. 1801 మార్చిలో మిఖైలోవ్‌స్కీ కోటలో పాల్‌ను చంపేశారు. ఆ కోటలోని గదులూ బొమ్మలూ అన్నీ వర్ణించి రాయమని పాల్ ఆ పని కూడా కొట్సెబూకే అప్పగించి ఉన్నాడు. ఆ హత్య వివరాలు సేకరించి కొట్సెబూ రాసిన కథనం చరిత్రకారులకు ఇప్పటికీ పనికొస్తుంది.

## గేటేతో గొడవ, నెపోలియన్ రోజులు

గేటేకీ ఈయనకీ ఎందుకు పడలేదు?

కొంత అభిరుచి, ఎక్కువ అహం. చిన్నప్పుడు వైమార్‌లో గేటే నాటకంలో కొట్సెబూ ఒక చిన్న వేషం వేశాడు, అక్క ముఖ్యపాత్ర వేసింది. ఇరవై ఏళ్లు గడిచాక పేరూ డబ్బూ సంపాదించుకుని తిరిగొస్తే గేటే తన ఇంటి సాహిత్య బృందంలోకి రానివ్వలేదు. దానికి ప్రతీకారంగా 1802 మార్చి 5న షిల్లర్‌కి ఘనసన్మానం ఏర్పాటు చేసి, గేటేకీ షిల్లర్‌కీ మధ్య చిచ్చు పెడదామనుకున్నాడు. లైబ్రరీవాళ్లు షిల్లర్ శిల్పం ఇవ్వలేదు, మేయర్ టౌన్‌హాల్ తాళం ఇవ్వలేదు. సభ ఆగిపోయింది, ఊరంతా నవ్వింది. తర్వాత బెర్లిన్ వెళ్లి "డెర్ ఫ్రైముటిగె" అనే పత్రిక పెట్టి గేటేనీ రొమాంటిక్ కవుల్నీ ఏకసాగాడు. అయినా గేటే డైరెక్టర్‌గా ఉన్న వైమార్ థియేటర్‌లో కొట్సెబూ నాటకాలు ఎనభైకి పైగా, ఆరువందల పైచిలుకు రాత్రులు ఆడాయి. నచ్చకపోయినా హాలు నిండాలి కదా, గేటేకీ ఆ లెక్క బాగా తెలుసు.

నెపోలియన్ టైంలో ఏం చేశాడు?

తిట్టాడు, అదీ ఒక పద్ధతిగా. 1806లో యేనా దగ్గర ప్రష్యా ఓడిపోయాక రష్యా వైపు పారిపోయి, ఎస్టోనియాలోని తన ఎస్టేటులో కూర్చుని "డీ బీనె" (తేనెటీగ), "డీ గ్రిలె" (కీచురాయి) అనే పత్రికలు నడిపి నెపోలియన్ మీద వ్యంగ్యాలు రాశాడు. 1813లో రష్యా సైన్యంతో బెర్లిన్ చేరి అక్కడ జనాన్ని ఉత్సాహపరిచే పత్రిక తీశాడు. అప్పటికి జర్మన్ దేశభక్తులూ ఆయనా ఒకే పక్షం. ఆరేళ్లు తిరక్కుండానే ఆ పక్షంలోని కుర్రాడే కత్తి దూశాడు.

## కాన్సల్ జనరల్ నుంచి రిపోర్టుల దాకా

రష్యన్ కాన్సల్ అంటే ఎక్కడ, ఎంతకాలం?

కేనిగ్స్‌బర్గ్‌లో, అంటే నేటి కలినిన్‌గ్రాడ్‌లో. నెపోలియన్ ఓడాక ప్రష్యాలోని ఆ రేవు పట్నంలో రష్యా కాన్సల్ జనరల్‌గా వేశారు. అక్కడ కూడా ఊరుకోలేదు, ఊరి థియేటర్ నడిపే బాధ్యత నెత్తినేసుకున్నాడు. 1816లో పీటర్స్‌బర్గ్ విదేశాంగ శాఖకు మారాడు. ఉద్యోగం మారినప్పుడల్లా సామాన్లతో పాటు నాటకాలు కూడా వెంట వెళ్లేవి.

ఒక్కమాటలో చెప్పండి, గూఢచారా కాదా?

కాదు. కానీ ఆ పేరు ఊరికే రాలేదు. 1817లో అలెగ్జాండర్ చక్రవర్తి ఆయన్ని ఏడాదికి 15,000 రూబుళ్ల జీతంతో జర్మనీకి పంపాడు. పని: జర్మనీలో రాజకీయం, చదువు, సాహిత్యం, ఆర్థికం మీద వస్తున్న కొత్త పుస్తకాలూ ఆలోచనలూ చదివి, వాటి సారాంశం ఫ్రెంచ్‌లో రాసి పంపడం. రహస్య పత్రాలు దొంగిలించడం, మనుషుల వెనక తిరగడం ఇందులో లేదు. ఇప్పటి రాయబార కార్యాలయాల్లో పత్రికలు చదివి నోట్ తయారుచేసే ఉద్యోగంలాంటిదే. పైగా ఈ నియామకం పత్రికల్లో వచ్చిన సంగతే.

చిక్కంతా ఆ నోట్ల స్వరంలో ఉంది. కాపీ చేసేవాడి అజాగ్రత్త వల్ల ఒక రిపోర్టు 1818 మొదట్లో బయటికి పొక్కి, యేనా చరిత్ర ప్రొఫెసర్ లూడెన్ చేతికి చేరింది. ఆయన దాన్ని తన పత్రికలో వేసేశాడు. జర్మన్ ప్రొఫెసర్ల రాతల్ని, వాళ్ల స్వేచ్ఛ మాటల్ని వెక్కిరిస్తూ ఒక విదేశీ చక్రవర్తికి చాడీలు చెబుతున్నట్టుంది అది. తప్పుడు అర్థం వచ్చేలా కత్తిరించి పంపిన భాగాలున్నాయని లూడెన్ చూపించాడు. కోర్టు గొడవలయ్యాయి, ఆ పత్రిక సంచికల్ని అధికారులు జప్తు చేశారు, దాంతో చదవనివాళ్లు కూడా వెతుక్కుని మరీ చదివారు. అప్పటినుంచి స్టూడెంట్ల నోట "రష్యా గూఢచారి" అన్నది ఆయనకు ఇంటిపేరైపోయింది. నాకు అర్థమైనంతలో ఆయన తప్పు గూఢచర్యం కాదు, రిపోర్టును కూడా ప్రహసనంలా రాయడం.

స్టూడెంట్లకి ఆయన మీద అంత కోపం ఎందుకు?

నెపోలియన్ మీద యుద్ధానికి స్వచ్ఛందంగా వెళ్లొచ్చిన కుర్రాళ్లు వాళ్లు. దేశం ఒకటవుతుంది, రాజ్యాంగం వస్తుంది అనుకున్నారు. 1815 తర్వాత పాత రాజులే తిరిగొచ్చారు. యూనివర్సిటీల్లో బుర్షెన్‌షాఫ్ట్ అనే సంఘాలు కట్టారు. 1817 అక్టోబర్ 18న వార్ట్‌బుర్గ్ కోట దగ్గర సుమారు 500 మంది కలిసి పండుగ చేసుకుని, రాత్రి మంట వేసి "చెడ్డ పుస్తకాలు" తగలబెట్టారు. నిజం పుస్తకాలు కాదు, చిత్తుకాగితాల కట్టల మీద పేర్లు రాసి వేశారు, వాటిలో కొట్సెబూ రాసిన జర్మన్ సామ్రాజ్య చరిత్ర ఒకటి. ఆయన ఊరుకుంటాడా, 1818 నుంచి నడిపిన సాహిత్య వారపత్రికలో వాళ్ల పొడుగు జుట్టునీ వ్యాయామ సంఘాల్నీ పత్రికా స్వేచ్ఛ డిమాండ్‌నీ వారంవారం ఎగతాళి చేశాడు. యవ్వనంలో ఉన్నవాళ్లు తిట్టునైనా భరిస్తారు, నవ్వుని భరించలేరు.

## హత్య

హత్య ఎలా జరిగింది?

వైమార్‌లో ఉండలేక ఆయన 1818లో కుటుంబంతో మాన్‌హైమ్ మారాడు. 1819 మార్చి 23న, యేనాలో మతశాస్త్రం చదువుతున్న 23 ఏళ్ల కార్ల్ సాండ్, మితావు (నేటి లాట్వియాలోని ఊరు) నుంచి వచ్చిన హైన్‌రిక్స్ అని దొంగపేరు చెప్పి ఇంటికొచ్చాడు. పొద్దున కుదరదన్నారు, సాయంత్రం 5 గంటలకు మళ్లీ వచ్చాడు. రెండు మాటలు మాట్లాడి, మాతృభూమి ద్రోహి అని అరుస్తూ పొడిచాడు. అరుపుకి చిన్న కొడుకు గుమ్మంలోకి వచ్చాడు. పిల్లవాణ్ని చూసి సాండ్ తనని తాను పొడుచుకున్నాడు, తాను చేసిన పనికి కారణాలు రాసిన కాగితం నౌకరుకి ఇచ్చి, వీధిలోకి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ పొడుచుకున్నాడు. అయినా బతికాడు. డాక్టర్లు నెలల తరబడి వైద్యం చేశారు, 1820 మే 20న తెల్లవారుజామున మాన్‌హైమ్ బయట తల నరికారు.

సాండ్ ఒక్కడే చేశాడా, వెనక ఎవరైనా ఉన్నారా?

తాను ఒంటరిగానే చేశానని చివరిదాకా చెప్పాడు. యేనాలో కార్ల్ ఫోలెన్ అనే యువ అధ్యాపకుడి చుట్టూ ఉన్న అతివాద గుంపుతో సాండ్‌కి సంబంధం ఉంది. నమ్మిన దానికోసం ఏదైనా చేయొచ్చు అని వాళ్ల సిద్ధాంతం. ఫోలెన్‌ను విచారించారు, రుజువు దొరకలేదు. తర్వాత ఆయన అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో జర్మన్ నేర్పాడు, బానిసత్వానికి వ్యతిరేకంగా పోరాడాడు.

హంతకుణ్ని జనం హీరోలా ఎందుకు చూశారు?

సాండ్ శిక్ష అమలైన చోట జనం రక్తంలో రుమాళ్లు తడుపుకున్నారని సమకాలీనులు రాశారు. చదువుకున్నవాళ్లు కూడా "పని తప్పు, మనసు స్వచ్ఛం" అనే ధోరణిలో మాట్లాడారు. బెర్లిన్ మతశాస్త్ర ప్రొఫెసర్ డె వెట్టె సాండ్ తల్లికి అలాంటి ఓదార్పు ఉత్తరం రాసి ఉద్యోగం పోగొట్టుకున్నాడు. తండ్రి చావు కళ్లారా చూసిన పిల్లవాడి గురించి అంత సానుభూతి ఎవరూ చూపించినట్టు కనబడదు. సిద్ధాంతం కోసం చేసిన హత్య అనగానే చచ్చినవాడు మనిషి కాకుండా పోతాడు, నాకు ఈ కథలో చిరాకు తెప్పించే భాగం ఇదే.

## ఆ తర్వాత

కార్ల్స్‌బాడ్ డిక్రీలకు ఈ హత్యే కారణమా?

సాకు అనండి, కారణం అనకండి. ఆస్ట్రియా మంత్రి మెటర్నిక్ యూనివర్సిటీల్నీ పత్రికల్నీ కట్టడి చేయాలని ముందు నుంచే చూస్తున్నాడు, కబురు అందినప్పుడు ఇటలీలో ఉన్నాడు. జూలైలో నసావు సంస్థానం అధికారి ఇబెల్ మీద కూడా హత్యాయత్నం జరగడంతో రాజులందరూ బెదిరిపోయారు. ఆగస్టులో కార్ల్స్‌బాడ్‌లో మంత్రులు కూర్చుని నిర్ణయాలు చేస్తే, 1819 సెప్టెంబర్ 20న జర్మన్ సమాఖ్య సభ ఆమోదించింది. 20 ఫారాలకు, అంటే 320 పేజీలకు, లోపున్న ప్రతి ప్రచురణకూ ముందస్తు సెన్సార్. ప్రతి యూనివర్సిటీలో ప్రభుత్వ పర్యవేక్షకుడు. బుర్షెన్‌షాఫ్ట్ నిషేధం. మైన్స్‌లో కేంద్ర విచారణ కమిషన్. ఇవి 1848 విప్లవం దాకా నడిచాయి. స్వేచ్ఛ కోసమని సాండ్ పొడిచిన పోటు, ఉన్న కాస్త స్వేచ్ఛనీ దాదాపు ముప్పై ఏళ్లు మూసేసింది.

అలాస్కాలో కొట్సెబూ అనే ఊరు ఈయన పేరు మీదేనా?

కాదు, కొడుకు ఒట్టో పేరు మీద. ఒట్టో చిన్న వయసులోనే తమ్ముడు మోరిట్స్‌తో కలిసి రష్యా తొలి భూప్రదక్షిణ నౌకాయాత్రలో (1803-06) వెళ్లాడు, 1815-18 మధ్య "రూరిక్" ఓడకు తనే కెప్టెన్. అప్పుడు చేరిన సముద్రపు పాయకు కొట్సెబూ పేరు పడింది, ఊరికి దాన్నుంచి వచ్చింది. మరో కొడుకు పావెల్ రష్యా సైన్యంలో జనరల్‌గా ఎదిగి ఒడెస్సాలోనూ వార్సాలోనూ గవర్నర్ జనరల్‌గా చేశాడు. ఇంకో కొడుకు అలెగ్జాండర్ యుద్ధ దృశ్యాల చిత్రకారుడు. తండ్రి జర్మన్‌గా పోయినా సంతానం రష్యాలో బాగా పాతుకుపోయింది.

ఏదైనా ఒక్కటి చదవాలంటే ఏది చదవమంటారు?

నాటకాలు వద్దు, మొదట సైబీరియా ప్రయాణం గురించి ఆయనే రాసిన "నా జీవితంలో అత్యంత వింతైన సంవత్సరం" చదవండి. 1801లో జర్మన్‌లో వచ్చింది, మరుసటేడే ఇంగ్లిష్‌లోకి వెళ్లింది, కాపీరైట్ ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది. అక్కడక్కడా తన మీద తనే జాలిపడే పేజీలుంటాయి, వాటిని దాటేయండి. దారి గుంతలు, కాపలావాళ్ల స్వభావాలు, తొబోల్స్క్ ఊరు, ఎందుకు పట్టుకున్నారో తెలియని మనిషి టెన్షన్, ఇవి మాత్రం చాలా బాగుంటాయి. అది నచ్చితే అప్పుడు క్రేవింకెల్ ప్రహసనం పట్టుకోండి.